నాకొక్కదానికే ఫారిన్ సినిమా

"అది అందరికీ ఫారిన్ సినిమా అమ్మా. ఇది నాకొక్కదానికే ఫారిన్ సినిమా."

విజయవాడ సత్యనారాయణపురంలో మా నాన్నగారి అపార్ట్‌మెంటు చివరి అంతస్తుకూ డాబాకూ మధ్య మెట్ల మీద నిలబడి, మా పద్నాలుగేళ్ల అమ్మాయి ఈ మాట అని కిందికి దిగిపోయింది. పైన సినిమా అప్పటికే నడుస్తోంది. పైకి వెళ్లాలో, తన వెనకాలే దిగాలో తేల్చుకోలేక నేను గోడకు ఆనుకుని చాలాసేపు అక్కడే ఉండిపోయాను. జూన్ నెలాఖరున విన్న మాట ఇది. దీన్ని కాగితం మీద పెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మా నాన్నగారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయనా, ఆయన స్నేహితులు ముగ్గురూ కలిసి నాలుగేళ్లుగా ప్రతి నెలా రెండో శనివారం, నాలుగో శనివారం డాబా మీద సినిమాలు వేస్తున్నారు. 1921లోనే మారుతీ హాలు కట్టుకున్న ఊరు ఇది; ఆంధ్రలో మొదటి సినిమా హాలు అదేనంటారు. గాంధీనగర్‌లో వీధికి నాలుగు డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు ఉన్న ఊరు కూడా ఇదే. అయినా ఇరాన్ సినిమాగానీ, ఎవరో కుర్రాడు అప్పుచేసి తీసుకున్న చిన్న తెలుగు సినిమాగానీ పెద్ద తెర మీద చూడాలంటే ఇక్కడ దారి ఉండదు. నాన్నగారు ఫిల్మ్ సొసైటీల కాలం మనిషి; హాళ్లకు రాని సినిమాలు తెప్పించుకుని కలిసి చూసే సంఘాలు అవి. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు కలకత్తాలో సొసైటీ పెట్టిన తర్వాత ఆ ఒరవడి దేశమంతా పాకింది, 1959లో వాటన్నిటికీ ఒక సమాఖ్య ఏర్పడింది. ఆయన చదువుకునే రోజుల్లో రేకు డబ్బాల్లో రైలు మీద వచ్చిన 16 ఎం.ఎం. రీళ్లను ఒక రాత్రి చూసి, మర్నాడే తర్వాతి ఊరికి పంపేవారట. ఇప్పుడు రీళ్లు లేవు, ఒక ప్రొజెక్టరు ఉంది, వాటర్ ట్యాంకు గది గోడకు వేయించిన తెల్ల సున్నం ఉంది. వేసవి సెలవులకు మేం విదేశం నుండి వచ్చినప్పుడల్లా నేనూ వెళ్లి కూర్చుంటాను. పిల్లను ఈసారే తీసుకెళ్లాను.

జూన్ రెండో శనివారం ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' వేశారు. పగలంతా కాగిన శ్లాబు చల్లారాలని సాయంత్రం అయిదింటికే వాచ్‌మన్ బిందెలతో నీళ్లు చల్లాడు. అయినా చాప మీద కూర్చుంటే కింద నుండి సెగ తగులుతూనే ఉంది. మాటలు పర్షియన్, కింద ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు. ఇంగ్లిషు చదువుకున్న పెద్దవాళ్లకే ఆ వేగం అందదు, మా అమ్మకైతే ఇంగ్లిషే రాదు. అందుకని మామూలుగా నాన్నగారు తెర పక్కన కుర్చీ వేసుకుని ముఖ్యమైన మాటలు తెలుగులో చెబుతుంటారు. మూకీల కాలంలో హాళ్లలో అలాగే ఒకరు నిలబడి కథ చెప్పేవారు. ఆ రోజు ఆయనకు జలుబు చేసి గొంతు పూర్తిగా పూడుకుపోయింది.

ఆ సినిమాలో అన్న, కుట్టించి తెస్తున్న చెల్లెలి బూట్లు పోగొట్టుకుంటాడు. అమ్మానాన్నలు అదే గదిలో ఉండగా వాళ్లకు తెలియకుండా పిల్లలిద్దరూ నోటుపుస్తకంలో రాసి, ఒకరికొకరు చూపించుకుంటూ మాట్లాడుకుంటారు. మా అమ్మ మనవరాలి మోచెయ్యి పట్టుకుని "ఏం రాశాడే ఆ పిల్లాడు?" అని అడిగింది. "బూట్లు పోయింది అమ్మమ్మా. నాన్నకి చెప్పొద్దు అంటున్నాడు" అంది తను. 'పోయాయి' అనాలన్న దిద్దుబాటు నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ మా అమ్మ అప్పటికే "అయ్యో, మరి బడికెలా వెళ్తుందే ఆ పిల్ల?" అంటూ కథలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా మా అమ్మాయి ఆగకుండా చెబుతూనే ఉంది. సగం సినిమా అయ్యేసరికి వెనక వరుసవాళ్లు కూడా కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. చివర పరుగు పందెంలో మూడో బహుమతి బూట్లు, ఆ పిల్లాడికి కావలసింది మూడో స్థానం. అతడు మొదట వచ్చినప్పుడు తను ఒక్క క్షణం ఆగి, "ఫస్ట్ వచ్చాడు. కానీ ఫస్ట్ వద్దు అమ్మమ్మా, ఫస్ట్ వద్దు" అంది. ఆ మాటకు మించిన అనువాదం నాకు తట్టదు.

ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. పిల్లకు తెలుగు వచ్చేసిందనుకున్నాను. పరాయి సినిమానే ఇంత బాగా చెప్పింది, మన సినిమా అయితే ఇంకెంత దగ్గరవుతుందో అని, నాలుగో శనివారానికి నేనే పట్టుబట్టి 'ఒక ఊరి కథ' వేయించాను. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ ఆధారంగా 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన సినిమా అది. పద్నాలుగేళ్ల పిల్లకు బరువైన కథే. అయినా తెలుగు సినిమా అంటే హీరో, ఫైట్లు, పాటలు మాత్రమే కావని తనకు తెలియాలనిపించింది. అంతటితో ఆగకుండా ఆ రెండు వారాలూ కనిపించిన ప్రతివాళ్లకూ "మా అమ్మాయి కూడా వస్తోంది" అని చెప్పాను. నేను చేసిన పొరపాటు అక్కడే ఉంది.

ఆ సాయంత్రం సినిమా మొదలవకముందే ముగ్గురు పెద్దవాళ్లు, నిండు ఆప్యాయతతోనే, తనను పలకరించారు. "తెలుగు అర్థమవుతుందా తల్లీ?" అని ఒకరు. "అక్కడ ఇంట్లో తెలుగే మాట్లాడతారా?" అని ఇంకొకరు. "నీ పేరు తెలుగులో రాయగలవా?" అని మూడో ఆయన. ఇరాన్ సినిమా రోజున పర్షియన్ వచ్చా అని తనను ఎవరూ అడగలేదు. నాన్నగారి దగ్గరున్న కాపీకి సబ్‌టైటిళ్లు లేవు. చుట్టూ ముప్ఫై మంది ఏ ప్రయత్నమూ లేకుండా వింటున్నారు, అందరిలోకీ వేగంగా చదవగలిగిన పిల్లకు చదువుకోవడానికి కింద ఒక్క అక్షరం లేదు. పన్నెండు నిమిషాలకు లేచిపోయింది.

మెట్ల మీద అందుకుని నేను తనను మందలించాను. అమ్మమ్మ భాష, అమ్మ భాష, పది నిమిషాలు ఓపిక పట్టలేవా అని అడిగాను. ఆ మందలింపు అంతా ఇంగ్లిషులో సాగింది. కోపం వస్తే నాకు తన దగ్గర ఇంగ్లిషే వస్తుంది, అలా నేనే అలవాటు చేసుకున్నాను. అందుకు జవాబుగా తను అన్న మాటే పైన రాసింది.

ఆ అలవాటు ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తుంది. తనకు మూడో ఏడు నడుస్తున్నప్పుడు, మాటలు ఆలస్యమవుతున్నాయనీ, ఇంట్లో రెండు భాషలు వినిపిస్తే పిల్ల తికమకపడుతుందనీ, ఒక్క భాషే వాడమనీ అక్కడ ఒకరు సలహా ఇచ్చారు. ఆ శుక్రవారం విన్నాం, సోమవారానికల్లా ఇంట్లో తెలుగు ఆపేశాం. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావని ఈ విషయం చదివినవాళ్లు ఎప్పటి నుండో చెబుతున్నారు. అప్పుడు ఆ మాట వెతికి చదవాలని నాకు తోచలేదు, భయం తోచింది. సలహా ఇచ్చిన మనిషిని చాలా ఏళ్లు తిట్టుకున్నాను. ఆపింది మాత్రం నేనే.

అయిదో ఏట మళ్లీ మొదలుపెట్టాం. ఆదివారం తెలుగు బడి, ఇంట్లో తెలుగే మాట్లాడాలన్న నియమం. హోంవర్కు వచ్చినా, జ్వరం వచ్చినా, తొందర వచ్చినా ఆ నియమం పక్కకు తప్పుకునేది. మిగిలిన తెలుగు ఏమిటంటే "అన్నం తిను", "చెప్పులు వేసుకో", "ఫోన్ పక్కన పెట్టు". ఇన్నేళ్లలో మేం తనకు ఇచ్చింది ఆజ్ఞల తెలుగు. బతిమాలే తెలుగు, మాట దాచిపెట్టే తెలుగు, సగం చెప్పి ఊరుకునే తెలుగు తను మా నోట వినలేదు. సినిమాలో మనుషులు మాట్లాడుకునేది ఆ తెలుగే.

అక్కడ మా స్నేహితులకు నేను ఇచ్చే సలహా ఒకటుంది: పిల్లలకు డబ్బింగ్ సినిమాలు చూపించకండి, ఏ దేశం సినిమా అయినా దాని భాషలోనే వినిపించండి, సబ్‌టైటిళ్లు చదువుకుంటారు, చెవికి భాష అలవాటవుతుంది అని. ఇప్పుడు ఆ సలహా మీద నాకు అంత నమ్మకం లేదు. తెలుగు సినిమాకు ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు పెట్టుకుని ఏళ్ల తరబడి చూశాం. కన్ను పని చేస్తుంటే చెవికి పని లేకుండా పోయిందేమోనని ఇప్పుడు అనుమానం వస్తోంది. 1990ల చివర్లో ఐఐఎం అహ్మదాబాదు నుండి బ్రిజ్ కొఠారి టీవీలో వచ్చే గుజరాతీ సినిమా పాటల కార్యక్రమం 'చిత్రగీత్'లో పాటల కింద గుజరాతీ అక్షరాలే వేయించి, చూసేవాళ్లకు చదవడం అలవాటయ్యేలా చేశారు. ఆ పద్ధతిలో తెలుగు పాటలకు తెలుగు అక్షరాలు పెట్టి చూపించాను. ఒక వేసవి నడిచింది, తర్వాత నాకే ఓపిక లేకపోయింది. ఆస్కార్ వాళ్లు 'విదేశీ' అన్న మాటకు కాలం చెల్లిందని 2019లో 'విదేశీ భాషా చిత్రం' విభాగాన్ని 'అంతర్జాతీయ చిత్రం'గా మార్చారు. మా ఇంట్లో ఆ మాట మార్చడం నా చేతుల్లో ఉందో లేదో కూడా నాకు తెలియడం లేదు.

మర్నాడు ఇడ్లీలు తింటున్నప్పుడు నాన్నగారు ఏమీ జరగనట్టే "రాత్రి సినిమా తీసినాయనకు తెలుగు రాదమ్మా, ఆయన బెంగాలీ" అన్నారు. తను తల ఎత్తింది. "మరి యాక్టర్లు కరెక్టుగా చెప్పారో లేదో ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అంది. "పక్కనున్నవాళ్లను నమ్ముకుని ఉంటాడు" అన్నారు. ఆ సంభాషణ అంతటితో అయిపోయింది. వారం తర్వాత ఆయన వేరే పనితో వచ్చారు. రెండో అంతస్తులో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు వన్‌టౌన్ సందుల్లో ఫోన్‌తో 22 నిమిషాల సినిమా తీశాడు. ఫెస్టివల్‌కు పంపాలంటే ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు కావాలి. "నాకు మాట తెలుసు, దానికి ఇంగ్లిషు అంత త్వరగా తట్టదు. నువ్వు కూర్చుంటావా?" అని మనవరాలిని అడిగారు. తెలుగు నేర్పిస్తానని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరూ రోజూ సాయంత్రం కూర్చునేవారు. వరుస సంఖ్య, మాట మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం, సెకనులో వెయ్యో వంతు దాకా లెక్క. దాని కింద రెండు వరుసలకు మించని ఇంగ్లిషు. లెక్కల మేష్టారికి ఆ పట్టిక బాగా నచ్చింది. 'పోనీలే' అన్న ఒక్క మాటకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది. ఎవరితో అంటోంది, కోపం తగ్గాక అంటోందా, తగ్గకుండానే అంటోందా అని తను అడుగుతూ ఉంటే, నాన్నగారు వేర్వేరు గొంతులతో అని వినిపించారు. వంటింట్లో దొండకాయలు తరుగుతున్న నేను ఉండబట్టలేక జవాబు అందించాను. "అమ్మా, నువ్వు చెప్పొద్దు. నువ్వు వెంటనే ఇంగ్లిషులో చెప్పేస్తావు" అంది తను. తెలుగులోనే అంది. నేను మళ్లీ కత్తిపీట దగ్గర కూర్చున్నాను.

ఆ సినిమాలో భార్యాభర్తలిద్దరూ టిఫిన్ బండి నడుపుతుంటారు. ఆమె అతన్ని మొదటి నుండీ 'ఏమండీ', 'మీరు' అనే పిలుస్తుంది. మూడో నిమిషంలో "మీరు తిన్నారా?" అంటుంది. అతను చెప్పకుండా ఆమె గాజులు తాకట్టు పెట్టాడని తెలిసిన రాత్రి, పందొమ్మిదో నిమిషంలో, ప్లేటు ముందుకు జరిపి "నువ్వు తిన్నావా?" అంటుంది. అది కోపమో, చనువో, అలసటో ఆ అమ్మాయి ముఖం చూసి కూడా చెప్పలేం. మా అమ్మాయి ఆ చోట వెనక్కి జరిపి మూడుసార్లు విన్నది. "తాతయ్యా, ముందు తిన్నారా అంది. ఇప్పుడు తిన్నావా అంది. కింద రెండూ ఒకటే వస్తున్నాయి." ఆ తేడా తనకు ఎవరూ చెప్పలేదు, తనే విన్నది. నాన్నగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రెండోచోట భర్త పేరు పెడదామన్నారు. "కానీ ఆవిడ పేరు అనలేదు కదా" అని తను ఒప్పుకోలేదు. అక్షరాలు వాల్చి చూశారు, ఆ వరుస ఖాళీగా వదిలి చూశారు. ఏదీ ఇద్దరికీ నచ్చలేదు.

ఆగస్టులో మేం తిరిగి వచ్చేశాం. శనివారాలు ఇక్కడ పొద్దున, అక్కడ రాత్రి, ఇద్దరూ ఫోన్లో ఆ పని కొనసాగిస్తున్నారు. కుర్రాడు పంపవలసిన గడువు ఈ నెలాఖరు. మొత్తం 214 వరుసల్లో ఆ ఒక్కటే మిగిలి ఉంది.

నిన్న రాత్రి బట్టలు మడత పెడుతుంటే వచ్చి మంచం అంచున కూర్చుని, "అమ్మా, నువ్వు నాన్నని ఎప్పుడైనా మీరు అన్నావా?" అని అడిగింది. పెళ్లయిన కొత్తలో అనేదాన్నని చెప్పాను. "ఎప్పుడు మారింది? ఏం జరిగింది ఆ రోజు?" అంది. చేతిలో మడత అలాగే పట్టుకుని ఆలోచించాను. నాకు గుర్తు రాలేదు. మీ నాన్న వచ్చాక అడిగి చెబుతానన్నాను.