ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు

మద్దిలపాలెంలో బస్సు దిగి నాలుగడుగులు వేశాక, కుడికాలి చెప్పు మెట్టు దగ్గరే ఊడిపోయిందని వెనకొస్తున్నావిడ పిలిచి చెప్పింది. నాకు తెలియనే లేదు. అంతకు పది రోజుల ముందు విరేచనాలతో మంచాన పడ్డాను, ఆ నీరసమే అనుకున్నాను. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే దగ్గర్లోని క్లినిక్‌లో బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ చేసి పంపేశారు. మర్నాడు కుర్చీలోంచి లేవలేకపోయాను. సాయంత్రానికి అన్నం కలుపుదామంటే వేళ్లు ముడుచుకోలేదు. "ఏటయిందిరా నీకు, పచ్చవాతమేటి?" అని అమ్మ ఏడుపు.

పక్షవాతమైతే మామూలుగా ఒక పక్క పడిపోతుంది. నాకు రెండు కాళ్లూ ఒకేలా, కింద నుంచి పైకి పట్టు తప్పాయి. పెద్దాసుపత్రిలో న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాలిచిప్ప కింద తట్టారు. కాలు ఎగరలేదు. మడమ వెనక తట్టారు, అక్కడా అంతే. గులియన్ బారే సిండ్రోమ్ కావచ్చన్నారు. 2025 మొదట్లో పుణెలో కేసులొచ్చాయని పేపర్లో చదివిన జీబీఎస్ అదే. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందట. విరేచనాలో జలుబో తగ్గిన కొన్ని రోజులకు, క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి దారితప్పి మన నరాల మీదే పడుతుందట. వెన్ను నీరు తీస్తే ప్రొటీన్ ఎక్కువ, కణాలు మామూలే. అనుమానం గట్టిపడింది.

ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను సెలైన్‌లా ఎక్కించే మందు, ఐదు రోజులు, కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాములు. నా డెబ్బై కిలోలకు 28 గ్రాములు. నా భార్య గాజులు అందులోనే కరిగాయి. ఆ సీసాలు చుక్కచుక్కగా దిగుతుంటే కళ్లార్పకుండా చూసేది.

అన్నిటికన్నా భయపెట్టింది ఊపిరి. ఈ జబ్బులో ఛాతీ కండరాలూ బలహీనపడతాయి, నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ తప్పదట. అందుకని నర్సమ్మ పూటపూటా వచ్చి, "గట్టిగా ఊపిరి పీల్చి, ఆపకుండా అంకెలు చెప్పండి బాబూ" అనేది. మొదటిరోజు 22. రెండోరోజు 15. మూడోరోజు రాత్రి ఐసీయూలో పన్నెండు దగ్గర గొంతు ఆగిపోయింది. అద్దం అవతల నా భార్య పెదాలు పదమూడు, పద్నాలుగు అని కదులుతూనే ఉన్నాయి. ఆరోరోజు 13. ఒక్క అంకె పెరిగిందని ఇద్దరం ఏడ్చేశాం.

ఇప్పటికి ఏడు నెలలు. ఫిజియోథెరపీ మానలేదు. బీచ్ రోడ్డులో కర్ర లేకుండా నడుస్తున్నాను. మునివేళ్ల మీద నిలబడి అటక మీది డబ్బా అందుకోవడం మాత్రం ఇంకా రాలేదు.