యాభై ఏడు అడుగులకు ఒక అడుగు

మా నాన్నగారు దక్షిణ మధ్య రైల్వేలో పట్టాల బాగోగులు చూసే పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా చేసి పదవీ విరమణ పొందారు. వికారాబాద్ సెక్షన్‌లో ట్రాలీ మీద తిరిగిన రోజుల నుంచి ఆయనకు దారిని చూసే తీరే వేరు. కిందటి వేసవిలో మేమందరం పిట్స్‌బర్గ్‌లో ఉంటున్న మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు, సైకిల్ బాటగా మార్చిన ఒక పాత రైలు మార్గం మీద మూడు రోజులు తిరిగి, రాత్రుళ్లు టెంట్లలో ఉందామని వాడు అన్నాడు. పట్టాలు తీసేసిన దారిలో చూడడానికి ఏముంటుందని నాన్నగారు మొదట అంత ఉత్సాహం చూపలేదు. "పట్టాలు లేకపోయినా గ్రేడియంట్, ఆ వాలు, అలాగే ఉంది నాన్నా" అని తమ్ముడు చెప్పిన తరువాతే ఒప్పుకున్నారు.

ఆ బాట పేరు గ్రేట్ అలెగెనీ పాసేజ్. మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ వరకు 150 మైళ్లు, అంటే దాదాపు 240 కిలోమీటర్లు. మేము తొక్కిన భాగం వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే కొండలు తొలిచి వేసిన మార్గం. అందులో ఎక్కువ దూరం 1975లో రైళ్లు నిలిచిపోయాయి. 1986లో ఒహాయోపైల్ దగ్గర మొదటి ముక్కను సైకిళ్లకు తెరిచారు. ఒక్కొక్క వంతెనా, ఒక్కొక్క సొరంగమూ బాగుచేసుకుంటూ బాటనంతా కలిపేసరికి 2013 వచ్చింది. మోటారు వాహనాలు రావు కాబట్టి పదేళ్ల పిల్లను ముందు వదిలి వెనక నిశ్చింతగా తొక్కవచ్చు. నన్ను ఈ ప్రయాణానికి ఒప్పించినది అదే.

మల్కాజిగిరిలో మా వీధిలో పిల్లలకు సైకిల్ నేర్పడమే కష్టం. అందుకని బయలుదేరడానికి రెండు నెలల ముందు నుంచి ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగు రోడ్డు పక్కన, సోలార్ పలకల కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్‌కు వెళ్లి నార్సింగి నుంచి కొల్లూరు వైపు తొక్కించాము. పిల్లలకు కాళ్ల నొప్పులు పోయాయి గాని, కొండ ఎక్కడమంటే భయం మాత్రం పోలేదు.

ఆ భయాన్ని నాన్నగారు మొదటి రోజే కంబర్లాండ్‌లో తీసేశారు. అక్కడి నుంచి 24 మైళ్ల దూరంలో దాదాపు 1,750 అడుగుల ఎత్తు ఎక్కాలి. మా అమ్మాయి ఆ అంకె విని బిక్కమొహం వేసింది. ఆయన దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం తేలికగా దొర్లుతుంది గాని ఎత్తు వచ్చేసరికి పట్టు చాలక జారుతుందని, అందుకే రైలు మార్గం వేసేవాళ్లు గుట్ట అడ్డమొస్తే కటింగ్ తవ్వి, పల్లమొస్తే మట్టితో కట్ట పోసి, అదీ కుదరకపోతే సొరంగం తొలిచి వాలును అదుపులో ఉంచుతారని చెప్పారు. "ఇక్కడ ఎంత గట్టి ఎక్కుడైనా నూటికి ఒకటీ ముప్పావే. అంటే యాభై ఏడు అడుగులు ముందుకు పోతే ఒక్క అడుగు పైకి. ఇంజినుకు అదే ఘాట్ సెక్షన్‌తో సమానం, వెనక బ్యాంకర్, అంటే ఇంకో ఇంజిను, పెట్టి తోయించాలేమో. నీ సైకిలుకు ఏం కాదమ్మా, మెల్లగా తొక్కు" అన్నారు.

అన్నట్టే అయింది. ఎక్కుతున్నామని కంటికి తెలియదు. కాళ్లకు మాత్రం కాస్త బరువు తెలుస్తుంది, ఆగి వెనక్కి చూస్తే లోయ కిందికి దిగిపోయి ఉంటుంది. ఆ సాయంత్రం 16 మైళ్లు పూర్తిచేసి ఫ్రాస్ట్‌బర్గ్ చేరాము. బాట నుంచి ఊళ్లోకి ఎక్కే దారి మలుపులు తిరుగుతూ ఎంత నిటారుగా ఉందంటే, అందరమూ దిగి సైకిళ్లు తోసుకుంటూ వెళ్లాము. పొద్దుటి నుంచి ఆ కొండనే ఎక్కామన్న సంగతి పిల్లలకు అప్పుడు అర్థమైంది. రాత్రి టెంట్ల ముందు కూర్చుని, పెన్‌హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడిలో కొనుక్కున్న పులిహోర తిన్నాము.

రెండో రోజు పొద్దున్న ఒక కటింగ్‌లో నాన్నగారు సైకిల్ ఆపి దిగారు. ఏదైనా ఇబ్బంది వచ్చిందేమోనని నేను పరుగున వెళ్లేసరికి, ఆయన బాట పక్కన గొంతుక్కూర్చుని, చిన్న కాలువలో పేరుకున్న ఆకుల చెత్తను పుల్లతో లాగుతున్నారు. అడ్డు తొలగగానే ఎర్రని నీళ్లు గుప్పున కదిలి ముందుకు పారాయి. "డ్రెయిన్ మూసుకుంటే నీళ్లు కిందికి ఇంకి ఫార్మేషన్, అదే దారి కింది మట్టి, పాడవుతుంది" అని చేతులు దులుపుకుని మళ్లీ సైకిలెక్కారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంట్లో ఉండక ఆయన ఎక్కడికి వెళ్లేవారో, ఏం చూసేవారో నేను దగ్గర నుంచి చూడడం అదే మొదటిసారి.

తరువాత వచ్చిన బిగ్ సావేజ్ సొరంగం పొడవు 3,294 అడుగులు, సుమారు ఒక కిలోమీటరు. చలికాలంలో దాన్ని మూసి ఉంచుతారు. లోపల దీపాలున్నాయి, మండు వేసవిలో కూడా చలి ఒళ్లు పట్టేసింది. అది దాటిన కొద్దిసేపటికే 2,392 అడుగుల ఎత్తున నీటి విభజన రేఖ వచ్చింది. దానికి తూర్పున పడిన వాన చెసాపీక్ అఖాతానికి, పడమట పడినది ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. "మన అనంతగిరి కొండల్లోనూ ఇంతే, మూసీ తూర్పుకు, కాగ్నా పడమటికి పోతాయి. కాకపోతే అవి రెండూ చివరికి కృష్ణలోనే కలుస్తాయి" అన్నారు నాన్నగారు.

అక్కడి నుంచి అంతా దిగుడే. కాసల్‌మన్ నది లోయ మీద 100 అడుగుల ఎత్తున కట్టిన సాలిస్‌బరీ వయాడక్ట్ అనే వంతెన మీద మా అబ్బాయి చాలాసేపు నిలబడి కింద పోతున్న రైలును చూశాడు. రాక్‌వుడ్‌లో టెంట్లు వేసుకున్న రాత్రి వాన పట్టుకుంది. మా టెంటు కుట్ల దగ్గర నీళ్లు కారడంతో రెండు గంటలకు లేచి పక్క బట్టలన్నీ మధ్యకు జరుపుకున్నాము. ఇంటి దగ్గర పోపు వేసి, రవ్వ వేయించి, డబ్బాలో కలిపి తెచ్చుకోవడం ఎంత మంచి పని అయిందో పొద్దున్న తెలిసింది: మరిగే నీళ్లు పోస్తే అయిదు నిమిషాల్లో ఉప్మా. ఇటువంటి ప్రయాణానికి వెళ్లేవారికి ఇంకొకటి చెప్పాలి. ఆ బాట మీద పరిచినది సున్నపురాయి పొడి. వానకు అది చెమ్మగిల్లి గొలుసుకు అంటుకుని, తొక్కుతుంటే ఇసుక నమిలినట్టు చప్పుడు చేస్తుంది. పాత బనీను గుడ్డతో గొలుసు తుడిచి, ఒక్కొక్క లింకుకు ఒక్కొక్క చుక్క నూనె వేశాక గాని మావారి సైకిల్ దారికి రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం 72వ మైలు దగ్గర ఒహాయోపైల్ చేరాము. జలపాతం హోరు వినబడుతుండగా మరదలు కారు తీసుకుని వచ్చింది. పిట్స్‌బర్గ్ దాకా ఇంకా 78 మైళ్లు మిగిలి ఉన్నాయి. ఇంటికి వచ్చాక నాన్నగారు వేళ్ల మీద ఖర్చు లెక్కవేసుకుని, వచ్చే ఏడాది తన సీటు తానే ఇక్కడి నుంచి పట్టుకెళతానని, అక్కడి అద్దె సైకిల్ సీటు తనకు పడలేదని మా తమ్ముడికి ఫోనులో చెప్పారు.