మా ప్లాంటులో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ మదింపు: నా అనుభవం

మా అణు విద్యుత్ కేంద్రంలో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ మదింపు నిన్ననే ముగిసింది. అంటే, అనుభవజ్ఞులకు తెలిసిన పని వాళ్లతోనే పోకుండా ఎంత బాగా కాపాడుకుంటున్నామో చూడటం. ఆపరేషన్స్ తరఫున కోఆర్డినేటర్‌ని నేనే. కోపం ఇంకా చల్లారలేదు.

మొదటి దశ సులువే. విధానం, శిక్షణ, ప్రొసీజర్లు (పని ఎలా చేయాలో రాసిపెట్టిన సూచనలు), ఐటీ, పని సంస్కృతి లాంటి అంశాలకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పద్ధతిలో మనకు మనమే మార్కులు వేసుకోవాలి. ఒక్క పూటలో అయిపోయింది.

ప్రాణం తీసింది రిస్కు లెక్క. అమెరికాలోని టెనెసీ వ్యాలీ అథారిటీ వాడిన పద్ధతి ఇది. మనిషి ఎంత త్వరగా రిటైరవుతాడు, అతని పని ఎంత కీలకం అన్నవాటికి 1 నుంచి 5 దాకా అంకెలు వేసి గుణించాలి. 20 గానీ అంతకు మించి గానీ వస్తే వెంటనే ఏర్పాట్లు చేయాల్సిందే.

మా సీనియర్ ఫీల్డ్ ఆపరేటర్ ఏడాదిలోపు రిటైరవుతారు కాబట్టి మొదటి అంకె 5. రెండోదీ 5 అని రాశాను. మా డిపార్ట్‌మెంట్ హెడ్ దాన్ని 2 చేశారు. "అన్నిటికీ ప్రొసీజర్ ఉంది కదా, ఆయన లేకపోతే ప్లాంటు ఆగిపోతుందా?" అని అందరి ముందూ కసిరారు. 25 రావాల్సింది 10కి పడిపోయింది. ఆ పూట తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయాను.

మదింపుకు వచ్చినావిడ ఆ సీనియర్ చేసే పని ప్రొసీజర్ తెప్పించుకున్నారు. "వాల్వు నెమ్మదిగా తెరవాలి" అన్న చోట వేలు పెట్టి, ఎంత నెమ్మదిగా అని ఇద్దరు కుర్ర ఆపరేటర్లను విడివిడిగా అడిగారు. ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ పొంతన లేదు. సీనియర్‌ని అడిగితే, "అర చుట్టు తిప్పి ఆగాలమ్మా. గేజి ముల్లు వణకడం ఆగేదాకా చెయ్యి కదపకూడదు. లేకపోతే లైన్లో వాటర్ హ్యామర్ వస్తుంది" అన్నారు. వాటర్ హ్యామర్ అంటే నీటి ప్రవాహం ఒక్కసారిగా మారి పైపులకు సుత్తి దెబ్బలాంటి తాకిడి తగలడం. ఆయన చెప్పిన ఆ మాట ఏ ఫైల్లోనూ లేదు. హెడ్ నోరు మెదపలేదు.

తెలిసిన మాట చేరకపోతే ఏమవుతుందో చెర్నోబిల్ చెబుతుంది. అక్కడ ఉన్నవి ఆర్‌బీఎంకే అనే సోవియట్ రకం రియాక్టర్లు. వాటిలో శక్తిని తగ్గించాల్సిన కంట్రోల్ రాడ్లు దించిన తొలి క్షణాల్లో శక్తి పెరగవచ్చని 1983లోనే లిథువేనియాలోని ఇగ్నాలినా అణు కేంద్రంలో బయటపడింది. ఆ సంగతి ఆపరేటర్లకు సరిగా చేరలేదు. 1986లో చెర్నోబిల్ ప్రమాదానికి దారితీసిన కారణాల్లో అదొకటి. తెలిసిన విషయాన్ని షిఫ్టులో నిలబడేవాళ్లకు చేర్చకపోవడం మన రంగంలో నేరమని నేను గట్టిగా నమ్ముతాను.

మీ దగ్గర ఈ మదింపు జరిగితే ఆ రెండో అంకెను హెడ్ ఒక్కరికే వదిలేయకండి, షిఫ్టువాళ్లను కూర్చోబెట్టి అడగండి. మదింపులో చూపించడానికి కంపెనీ పోర్టల్ స్క్రీన్‌షాట్లు సిద్ధం చేస్తూ టైం వృథా చేయొద్దు, మా దగ్గర వాటిని ఎవరూ తెరవలేదు. స్కోరు తిరిగి 25 అయింది. వచ్చే షిఫ్టు నుంచి ఆ కుర్రాళ్లిద్దరూ సీనియర్ వెంటే ఉంటారు. వాల్వు స్టెప్పును తిరగరాసే పని నాకే అప్పజెప్పారు.