మెంబ్రేన్‌లో ఉంది సరే, ఏ పక్కన?

మా కాన్ఫోకల్ మైక్రోస్కోప్ గదికి వచ్చే పీహెచ్‌డీ పిల్లలది ఎక్కువగా ఒకటే తొందర. పొగాకు జాతి మొక్క ఆకు అడుగున సూది లేని సిరంజితో, కావలసిన జన్యువుని మొక్క కణంలోకి మోసుకెళ్లే ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియాని ఎక్కించి, రెండు మూడు రోజులాగి, ఆ ఆకు ముక్క స్లైడు మీద పెట్టుకుని వస్తారు. 488 నానోమీటర్ల లేజర్ వెయ్యగానే జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ఒక ప్రోటీన్) తగిలించిన ప్రోటీన్ వెలుగుతుంది. వంకరటింకర కణాల అంచులన్నీ పచ్చగా మెరుస్తాయి. వెంటనే, "సార్, మెంబ్రేన్‌లోనే ఉంది కదా? రాసేసుకోవచ్చా?"

"అప్పుడే వద్దమ్మా" అంటాను. మొహాలు మాడిపోతాయి, పర్లేదు.

ఎదిగిన మొక్క కణంలో ముప్పాతిక భాగం పైనే రిక్తిక ఆక్రమించుకుని ఉంటుంది. నీళ్లతో ఉబ్బిన ఆ సంచి కణద్రవ్యాన్నంతా గోడకేసి అదిమేస్తుంది. కణాన్ని చుట్టి ఉండే ప్లాస్మా పొర (వాళ్లు మెంబ్రేన్ అనేది దీన్నే), దాని పక్కన పలచటి కణద్రవ్యం, ఆ పక్కనే రిక్తిక పొర. మూడూ వేర్వేరు చోట్లే, కానీ చాలాసార్లు తెర మీద మూడూ కలిసి ఒకే గీత. కణద్రవ్యంలో ఊరికే తేలుతున్న ప్రోటీన్ కూడా మెంబ్రేన్‌లో ఉన్నట్టే పోజు పెడుతుంది.

కాబట్టి ముందు కేంద్రకం దగ్గర చూడమంటాను. రిక్తిక పొర అయితే కేంద్రకాన్ని గోడవైపు వదిలేసి లోపలివైపు నుంచి చుట్టుకుపోతుంది. ప్లాస్మా పొర అయితే గోడ వెంటే ఉంటుంది. తర్వాత గాఢమైన మానిటాల్ ద్రావణం చుక్క వెయ్యాలి. కొన్ని నిమిషాల్లో అది కణంలోంచి నీళ్లని బయటికి లాగేస్తుంది. ముందు మూలలు వదులుతాయి, తర్వాత పొర మొత్తం గోడ నుంచి విడిపోయి లోపలికి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకున్న ముద్ద నుంచి గోడదాకా సాలెపోగుల్లాంటి సన్నటి దారాలు మిగులుతాయి. హెక్టియన్ పోగులంటారు. అవి ప్లాస్మా పొరవి. అవి కూడా పచ్చగా వెలిగాయంటే, అప్పుడు రాసుకోమంటాను.

అక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. నాకు నచ్చే కథ అక్కడి నుంచే మొదలవుతుంది. అయితే ప్రోటీన్ ఆ పొరకి చేరే దారి కూడా కాస్త చెప్పాలి కదా.

ఇలాంటి ప్రోటీన్‌లో నీళ్లంటే పడని అమైనో ఆమ్లాల వరుస ఒకటైనా ఉంటుంది, సుమారు 20 పొడవు. రైబోజోమ్ మీద ప్రోటీన్ తయారవుతుండగానే ఆ వరుస బయటికి తల పెడుతుంది. దాన్ని ఎస్‌ఆర్‌పీ అనే, ఇలాంటి వరుసల్ని గుర్తుపట్టే అణువుల గుంపు పట్టుకుని, రైబోజోమ్‌తో సహా ఈఆర్ దగ్గరికి, అంటే మన తెలుగు పుస్తకాల అంతర్జీవద్రవ్యజాలం దగ్గరికి చేరుస్తుంది. అక్కడ సెక్61 అనే ద్వారంలో ప్రోటీన్ తయారవుతూనే పొరలో ఇమిడిపోతుంది. ఎక్కడికి పోవాలో ప్రోటీన్‌లోనే రాసి ఉంటుందని నిరూపించినందుకే గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ ఇచ్చారు. ఆయన ప్రయోగాల్లో వాడింది కుక్క క్లోమం నుంచి తీసిన పొరలు. మొక్కల్లోనూ పద్ధతి ఇదే. ఆ వరుస సరిగ్గా తోక చివరన ఉండే ప్రోటీన్ల సంగతి వేరు. తయారీ పూర్తయ్యేదాకా తోక బయటికి రాదు కాబట్టి ఎస్‌ఆర్‌పీకి దొరకవు, వాటికి మరో దారి. అలాంటి దానికి తోకవైపే జీఎఫ్‌పీ తగిలించుకొచ్చి, ఎక్కడెక్కడో వెలుగుతోందని టెన్షన్ పడేవాళ్లని చూస్తుంటాను.

ఈఆర్‌లో దిగాక ఏది ఎంతదూరం పోతుందన్నదాని మీద 2002లో బ్రాండిజ్జి అనే శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు పొగాకు ఆకుల్లోనే ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. పొరలో ఇమిడే భాగం పొడవు మాత్రం మారుస్తూ పోయారు. 17 అమైనో ఆమ్లాలుంటే ప్రోటీన్ ఈఆర్‌లోనే ఉండిపోయింది. 20 ఉంటే ప్రోటీన్లని సర్ది ముందుకి పంపే గాల్జీదాకా వెళ్లింది. 23 ఉంటే ప్లాస్మా పొరకి చేరింది. మూడేసి అమైనో ఆమ్లాల తేడా, అంతే! ప్రతి ప్రోటీనూ ఇలా పొడవు చూసుకునే పోతుందని కాదు, వేరే గుర్తులూ ఉంటాయి. అయినా ఇంత తేటగా జవాబొచ్చిన ప్రయోగాలు తక్కువ.

గాల్జీ అనగానే కేంద్రకం పక్కన ఒకే ఒక దొంతర గీస్తారు మన పుస్తకాల్లో. మొక్క కణంలో అలా ఉండదు. చిన్న చిన్న దొంతరలు, ఒక్కో కణంలో వందల్లో ఉండొచ్చు, ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగుల వెంట పరుగులు పెడుతుంటాయి. పచ్చటి చుక్కలు ఆగి, మళ్లీ ఉరికి, ఒకదాన్నొకటి దాటుకుపోవడం చూస్తూ కూర్చుంటే లేవబుద్ధి కాదు. బుకింగ్ టైమ్ అయిపోయిందని పక్క ల్యాబ్‌వాళ్లు తలుపు కొట్టేదాకా నేనూ గుర్తుచెయ్యను.

ఇప్పుడు అసలు సంగతి. ప్లాస్మా పొర కణం చుట్టూ ఉంటుంది. ప్రోటీన్ అందులో ఏ పక్కన ఉంది?

వరి సంగతే తీసుకోండి. చేలో దిగినవాళ్లందరికీ వరి ఆకు చెయ్యి కొయ్యడం తెలుసు. ఆ గరుకంతా సిలికా. ఊక కాల్చిన బూడిదలో ఎక్కువ భాగం అదే. మొక్క ఎండు బరువులో పదోవంతుదాకా సిలికా పట్టుకునే సత్తా వరికి ఉంది. నేలలో నీటిలో కరిగిన సిలిసిక్ ఆమ్లాన్ని వేరు లాక్కోవాలి. కానీ వరి వేరులో కణాల మధ్య సందులు మూసేసిన కాస్పేరియన్ పట్టీలు రెండు వరసల్లో ఉంటాయి, బయటివైపు ఎక్సోడెర్మిస్ అనే కణాల వరసలో, లోపల అంతశ్చర్మం అనే వరసలో. సందుల్లోంచి దూరే వీల్లేదు, కణంలోంచే పోవాలి.

జపాన్‌లోని ఒకయామా విశ్వవిద్యాలయంలో జియాన్ ఫెంగ్ మా బృందం 2006లో ఎల్‌ఎస్‌ఐ1, 2007లో ఎల్‌ఎస్‌ఐ2 అనే ప్రోటీన్లని బయటపెట్టింది. ఆ రెండు వరసల కణాల్లోనూ ఎల్‌ఎస్‌ఐ1 మట్టివైపు పొరలో ఉంటుంది, ఎల్‌ఎస్‌ఐ2 లోపలివైపు పొరలో. మొదటిది ఊరికే తెరిచి ఉన్న గొట్టం లాంటిది, సిలిసిక్ ఆమ్లాన్ని లోపలికి రానిస్తుంది. రెండోది శక్తి ఖర్చుపెట్టి దాన్ని అవతలికి తోసేస్తుంది. రెండూ ఒకే పొరలో ఉన్నా ఒకే పక్కన ఉంటే ఏమవుతుందో చూడండి: ఒకటి లోపలికి రానిచ్చిందాన్ని రెండోది మళ్లీ మట్టిలోకే నెట్టేస్తుంది. 'మెంబ్రేన్‌లో ఉంది' అని రాసి ఊరుకుంటే ఈ కథంతా పోయినట్టే. ఎల్‌ఎస్‌ఐ1 చెడిపోయిన వరిని పొలంలో పెంచితే చీడపీడలకి దొరికిపోయి దిగుబడి దారుణంగా పడిపోయింది. 2008లో అదే బృందం ఇంకోటి చూపించింది. నీళ్లు నిలిచిన మడిలో ఆర్సెనిక్ ఎక్కువగా ఆర్సెనైట్ రూపంలో ఉంటుంది, అది కూడా ఈ రెండు ప్రోటీన్లనే పట్టుకుని అన్నంలోకి వస్తోంది. పోనీ దారి మూసేద్దామంటే సిలికాన్ కూడా ఆగిపోతుంది.

సరే, ఆ పక్కనే ఎలా ఉండగలుగుతోంది? పొర గట్టి పలక కాదు, అందులో ప్రోటీన్లు మెల్లగానైనా పక్కకి జారుతూనే ఉంటాయి. అంతశ్చర్మంలో కాస్పేరియన్ పట్టీ ఉన్న చోట కాస్ప్ అనే ప్రోటీన్లు గుమిగూడి, బయటివైపుది లోపలివైపుకి జారకుండా అడ్డుపడతాయని 2011లో తేలింది. కానీ ఆ అడ్డు ఏర్పడక ముందు కూడా ప్రోటీన్లు తమ పక్కనే ఉంటున్నాయి, అంటే అదొక్కటే కారణం కాదు. ఆరబిడాప్సిస్ అనే, ప్రయోగాల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్కలో బోరాన్‌ని మట్టివైపు నుంచి రానిచ్చే నిప్5;1 అనే ప్రోటీన్ మీద 2017లో వచ్చిన పని చూస్తే, పక్కకి జారినవాటిని కణం పొరతో సహా లోపలికి మడిచి లాగేసుకుంటోంది. ఆ లాక్కోవడం ఆపితే పక్క తేడా చెరిగిపోతుంది. వరి ఎల్‌ఎస్‌ఐ1లో అయితే రెండు కొసల్లోనూ ఉండే ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు ముఖ్యమని 2023లో మా బృందమే చెప్పింది (మా అంటే జియాన్ ఫెంగ్ మా, మాది కాదు, మాకంత సీన్ లేదు).

ఒక్కోసారి కణం ప్రోటీన్‌ని పొరలో అసలు ఉండనివ్వదు కూడా. బోరాన్‌ని నాళాలవైపు పంపే బోర్1 అనే ప్రోటీన్, బోరాన్ తక్కువగా ఉన్నప్పుడు లోపలివైపు పొరలో బుద్ధిగా ఉంటుంది. బోరాన్ దండిగా పోస్తే కొద్ది గంటల్లో పొరలోంచి లాగేసి, రిక్తికలో వేసి అరగదీస్తుంది కణం. ఎక్కువైన బోరాన్ మొక్కకి విషమే. 2005లో తకానో బృందం దీన్ని జీఎఫ్‌పీతోనే చూపించింది.

ఇలా రిక్తికలోకి పోయే ప్రోటీన్ల మీద పనిచేసేవాళ్లు మా గదికి వచ్చేముందు ఒక పని చెయ్యండి. మొక్కల్ని కొన్ని గంటలు చీకట్లో పెట్టి, అదే చీకట్లో తీసుకురండి. వెలుతురులో రిక్తికలోని ఎంజైములు జీఎఫ్‌పీని తొందరగా నమిలేస్తాయి, చీకట్లో అయితే అది నిలుస్తుంది. కారిడార్‌లో ట్యూబ్‌లైట్ కింద ట్రే పెట్టుకుని గంటసేపు కబుర్లాడి, తర్వాత నా దగ్గరికొచ్చి "సార్, ప్రోటీన్ మాయమైపోయింది" అంటే, ఎక్కడికి పోయిందో ఆ మైక్రోస్కోప్ చెప్పలేదు.