స్లో కుక్కర్‌తో రాత్రి భోజనం

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ ఇంటి వంట మానకూడదనుకునేవారికి స్లో కుక్కర్ అనే కరెంటు వంటపాత్ర ఎంత ఆసరాగా ఉంటుందో ఈ చలికాలంలో నాకు బాగా తెలిసివచ్చింది. పూర్వం పల్లెల్లో పిడకల దాలి మీద పాలకుండ గంటల తరబడి కాగినట్టే, ఇందులో పప్పూ కూరా మరిగీ మరగని వేడిలో నిదానంగా మగ్గుతాయి. ఉదయం కందిపప్పు, సొరకాయ ముక్కలు, పసుపు, నీళ్లు వేసి తక్కువ వేడిలో పెట్టి వెళితే, ఇంటికి వచ్చేసరికి పప్పు గరిటెతో మెదిపితే చాలన్నంత మెత్తగా ఉంటుంది. చింతపండు పులుసు మాత్రం ఆ తరువాతే పోయాలి, ఎందుకంటే పులుపు ముందే తగిలితే పప్పు త్వరగా ఉడకదు. ఆవిరి పెద్దగా బయటకు పోదు కనుక నీళ్లు తగ్గించాలి, మూత మాటిమాటికీ తీయకూడదు. తాలింపు మాత్రం పొయ్యి మీదే పెడతాను. ఇంగువ, ఎండుమిర్చి వాసన ఈ పాత్రలో రాదు.

ఎర్ర రాజ్మా విషయంలో జాగ్రత్త తప్పనిసరి. పచ్చి గింజల్లోని లెక్టిన్ అనే విషపదార్థం ఈ మంద వేడికి పూర్తిగా నశించదు కాబట్టి, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీద 30 నిమిషాలు తెర్లించాకే స్లో కుక్కర్‌లో వేయాలి. గడ్డకట్టిన మాంసాన్నీ నేరుగా వేయకూడదు. నా మటుకు ఈ పాత్ర అసలు ప్రతిభ ముదురు మటన్‌లోనే కనిపిస్తుంది. గోంగూరను విడిగా మగ్గించి చివర్లో కలిపితే అన్నంలోకి మరేమీ అక్కరలేదు.