రెండు కత్తుల ముసాషి

రాత్రి పదకొండున్నర. మూడోసారి వేసిన వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను బరువును బట్టి జెల్‌లో విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికెక్కించి, యాంటీబాడీతో వెతికే పరీక్ష) ఎట్టకేలకు గీత కనబడింది. 35 కిలోడాల్టన్ల బరువు దగ్గర, వెంట్రుకంత సన్నగా. మొదటిసారి జెల్‌కీ మెంబ్రేన్‌కీ మధ్య గాలిబుడగ ఉండిపోయింది. రెండోసారి అసలు యాంటీబాడీ వేయడమే మర్చిపోయా. నవ్వకండి.

ఆ గీత ముసాషి-2. ఆర్‌ఎన్‌ఏకి అతుక్కునే ప్రోటీన్. ముసాషి ప్రోటీన్లలో మొదటిది 1994లో పండు ఈగల్లో బయటపడింది. ఆ జన్యువు చెడిన ఈగల ఒంటిమీద ఒక్క నూగు మొలవాల్సిన చోట రెండు మొలిచాయట. అందుకని రెండు కత్తులతో పోరాడే జపాన్ యోధుడు మియమోటో ముసాషి పేరు పెట్టేశారు. సైన్సులో నాకు నచ్చిన పేర్లలో ఇదొకటి.

మూలకణాల్లో ముసాషిలు నంబ్ అనే ప్రోటీన్ తాలూకు ఎంఆర్‌ఎన్‌ఏని, అంటే దాని తయారీకి సూచనలు మోసే అణువుని, పట్టుకుని ఆ ప్రోటీన్ తయారు కానివ్వవు. నంబ్ తగ్గితే కణం ఎదిగి ఒక పనిలో కుదురుకోకుండా మూలకణంగానే ఉండిపోతుంది. ఒంటికి అలాంటివి కొన్ని కావాలి. కానీ క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త కేన్సర్ ముదిరి బ్లాస్ట్ క్రైసిస్ అనే చివరి దశకి చేరినప్పుడూ ముసాషి-2 పెరిగి, నంబ్ పడిపోతుందని 2010లో తేలింది. నా ప్లేటులో పెరిగేవీ ఆ జబ్బు కణాలే.

ఇంతలో అమ్మ ఫోను. "గీత వచ్చిందమ్మా!" అన్నా.

"ఎవర్రా ఆ గీత, ఇంత రాత్రప్పుడు?"