ఇంట్లో రాసిన డీవీడీ ప్లేయర్‌లో ఆడకపోతే

కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన పెళ్లి డిస్కు హాల్లోని డీవీడీ ప్లేయర్‌లో మొరాయిస్తే, చాలామంది దాన్ని చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెడతారు. అంతకన్నా ముందు, ప్లేయర్ ఏ దశలో ఆగిపోయిందో గమనించాలి. ‘నో డిస్క్’ అనడం వేరు, ‘అన్‌నోన్ డిస్క్’ అనడం వేరు, గంటన్నర సాఫీగా ఆడి సరిగ్గా అప్పగింతల దగ్గర బిగుసుకుపోవడం వేరు.

మా బంధువులు నా దగ్గరకు తెచ్చే డిస్కుల్లో ఎక్కువ భాగం రెండో రకానివే. అక్కయ్యపాలెం నుంచి మా పిన్ని తెచ్చిన ఉపనయనం డిస్కును కంప్యూటర్‌లో తెరిస్తే అందులో ఉన్నది ఒకే ఒక్క ఎంపీ4 ఫైలు. పాత ప్లేయర్‌కు కావలసింది ఫైలు కాదు. వీడియో టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డరు, అందులో ఐఎఫ్‌ఓ, బీయూపీ (సూచీ, దాని నకలు), వీఓబీ (అసలు వీడియో) ఫైళ్లు, మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో సాధారణంగా 720×576 పరిమాణం గల, ఎంపెగ్-2 అనే వీడియో రూపంలోని దృశ్యం. విండోస్ 7లో డిస్కు పెట్టగానే వచ్చే ప్రశ్నకు ‘సీడీ/డీవీడీ ప్లేయర్‌తో’ అనే జవాబు ఎంచుకున్నంత మాత్రాన ఎంపీ4 ఫైలు డీవీడీ వీడియోగా మారదు, ఉన్న ఫైలు ఉన్నట్టే డిస్కు మీదకు ఎక్కుతుంది. డీవీడీ స్టైలర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ మార్పిడి చేసిపెడుతుంది. ప్లేయర్ ముందు భాగాన డివ్‌ఎక్స్ (ఒక వీడియో కుదింపు పద్ధతి) గుర్తు ఉంటే ఏవీఐ ఫైళ్లు కొన్ని నేరుగా ఆడవచ్చు గాని, దాన్ని నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు.

‘నో డిస్క్’ అని వస్తే, కొన్న సినిమా డిస్కు ఒకటి పెట్టి చూడాలి. అది ఆడి ఇంట్లో రాసినవి మాత్రమే ఆడకపోతే, సాధారణంగా లెన్సు మసకబారి ఉంటుంది, లేదా లేజరు బలహీనపడి ఉంటుంది. రంగు పొర మీద రాసిన డిస్కు, ఫ్యాక్టరీలో అచ్చయిన సినిమా డిస్కు అంతగా కాంతిని తిప్పి పంపదు కాబట్టి తేడా ముందు అక్కడే బయటపడుతుంది. సముద్రపు గాలి, తేమ ఉన్న మన విశాఖలో లెన్సు మీద దుమ్ము అంటుకుపోవడం వింతేమీ కాదు. హ్యాండీక్యామ్‌లో నేరుగా రాసిన డిస్కయితే, ఫైనలైజ్ (ఇతర ప్లేయర్లు చదివేలా రికార్డింగును ముగించడం) చేశారో లేదో ముందు చూసుకోవాలి, ఆ పని అదే క్యామ్‌లో చేయించడం మేలు. ఖాళీ డిస్కుల్లో ప్లస్ ఆర్ (డీవీడీ+ఆర్) రకాన్ని గుర్తించని పాత ప్లేయర్లకు మైనస్ ఆర్ (డీవీడీ-ఆర్) డిస్కు వాడటం సులువైన మార్గం. రీజియన్ కోడ్‌ను, అంటే సినిమా డిస్కు ఫలానా దేశాల్లోనే ఆడేలా పెట్టే కట్టడిని, నిందించేవారు చాలామంది ఉన్నారు గాని, ఇంట్లో రాసిన డిస్కుకు మామూలుగా ఆ కట్టడే ఉండదు.

ఇక అప్పగింతల సంగతి. డీవీడీని లోపలి అంచు నుంచి బయటికి చదువుతారు కనుక, నిండా రాసిన డిస్కులో చివరి ఘట్టాలు బయటి అంచున పడతాయి, వేలిముద్రలు, గీతలు పడేదీ ఎక్కువగా అక్కడే. చవక డిస్కును 16ఎక్స్ (మామూలు వేగానికి 16 రెట్లు) వేగంతో రాసినా, పైన కాగితం లేబుల్ అతికించినా తడబాటు ఆ అంచునే ముందు కనిపిస్తుంది. 4.7 జీబీ అని పెట్టె మీద ఉన్నా, కంప్యూటర్ లెక్కలో అది దాదాపు 4.38 మాత్రమే, నేను 4.2 దాటనివ్వను, 8ఎక్స్ కన్నా వేగంగా రాయను. తుడవాల్సి వస్తే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు, కంప్యూటర్ ఇంకా చదవగలుగుతున్నప్పుడే డిస్కులో ఉన్నదంతా హార్డ్ డిస్కులోకి దించుకోండి.